గడ్డం దగ్గరి గీత

"ఖాళీగానే ఉన్నావుగా, ఆ పన్నెండో ఏటి తల కూడా గీసి పారేయకూడదూ?" అన్నాడు భర్త, బూట్లు తొడుక్కుంటూ.

ఆమె అప్పటికి పాలగిన్నె తోమి బోర్లించి, క్లినిక్కు కోట్లు సబ్బునీళ్ళలో నానేసి, నిన్న సాయంత్రం పోసిన ప్లాస్టరు పళ్ళ అచ్చులు ఆరాయో లేదో గోటితో గీకి చూస్తోంది. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్నది ఏదైనా ఉందంటే అది ఆయన తాగేసి చెప్పుల అర మీద వదిలిన కాఫీ కప్పు ఒక్కటే. ఆ మాట పైకి అనలేదు. "సరేనండీ" అని కప్పు తీసుకుంది. ఆయన తలుపు దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి తిరిగి, "ఆదివారానికల్లా బోర్డు మొత్తం తయారుగా ఉండాలి, సరేనా?" అని గుర్తు చేశాడు. పన్లన్నీ గుర్తు పెట్టుకుని చేసేది ఆమె, గుర్తు చేసే పని ఆయనది.

ఆయన వంకర పళ్ళని వరసలో పెట్టే డాక్టరు. పొద్దున కాలేజీలో పాఠాలు చెబుతాడు, సాయంత్రం ఇంటి ముందు గదిలో క్లినిక్కు నడుపుతాడు. ఆ క్లినిక్కులో అచ్చులు పోసేది, వాటి మీద పేర్లు రాసేది, కోట్లు ఉతికేది, రాని పేషెంట్లకి ఫోన్లు చేసేది ఆమె. బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి రాని రోజున అక్కడ కూర్చునేదీ ఆమే. వచ్చినవాళ్ళు "ఏమ్మా, డాక్టరు గారున్నారా?" అని అడిగితే "ఉన్నారండీ, కూర్చోండి" అంటుంది. తాను ఆయన భార్యనని చెప్పదు. ఒకసారి చెబితే, ఎదురుగా ఉన్నావిడ ఆమె గడ్డం వంకా, గోడ మీది డాక్టరు గారి డిగ్రీల వంకా మార్చి మార్చి చూసింది. ఆ చూపులో ఉన్న ప్రశ్న ఆమెకి బాగా తెలుసు. ఇలాంటి డాక్టరు పెళ్ళాం దవడ ఇలా ఎందుకుంది, అని.

ఆదివారం ఊళ్ళోని పళ్ళ డాక్టర్లందరి సభ. అందులో ఆయన ఉపన్యాసం. పుట్టినప్పటి నుంచి పెద్దయ్యేదాకా మనిషి తల ఎలా ఎదుగుతుంది అన్నది విషయం. దానికోసం పెద్ద బోర్డు ఒకటి. దాని మీద వరసగా పక్కనుంచి చూసిన తలలు, ఏడాదికొకటి. లోపల పుర్రె లేత బూడిద రంగులో, దాని మీద ముఖం అంచు నల్ల సిరాతో. అన్నీ ఒకే బిడ్డవి. వాళ్ళ కూతురివి. ఇంట్లో పిల్లని పిట్ట అంటారు, నోరు మూతపడదు కాబట్టి. పిట్ట పుట్టిన రోజు వచ్చిందంటే చాలు, కొత్త బట్టలు వేసుకోకముందే తెల్ల గోడ పక్కన నిలబడాలి. చెవి రంధ్రమూ కంటి కింది అంచూ ఒకే మట్టంలో ఉండేట్టు తండ్రి తల సరిచేసి ఫోటో తీస్తాడు, నోరు తెరిపించి చూసి "పళ్ళు బాగానే కలుస్తున్నాయి" అని ఒక ముద్దు పెట్టి కాలేజీకి వెళ్ళిపోతాడు. మిగతా పని ఆమెది. ఫోటోని అసలు తలంత చేయించాలి. దాని మీద పల్చటి కాగితం పరిచి అంచు గీయాలి. ఆ వయసు పుర్రెల కొలతలు పుస్తకాల్లోంచి తీసి ముఖం లోపల ఇమడ్చాలి. పెళ్ళికి ముందు ఆమె బడిలో డ్రాయింగు టీచరు. "పుట్టిన రోజు నుంచీ ఒకే బిడ్డని ఇలా గీయించిన డాక్టరు ఇంకొకడు లేడు" అని ఆయన చెప్పుకుంటాడు. గీయించిన వాడి సంగతే తప్ప గీసిన మనిషి సంగతి ఆ వాక్యంలో ఎక్కడా పట్టదు.

భోజనాల బల్ల తుడిచి, పొద్దుటి గ్లాసుల మరకలు పోయాయని చేత్తో తడిమి చూసుకుని, కాగితాలు వరసగా పరిచింది. అన్నిటికన్నా మొదటిది ఆమెకి ఇష్టం. ఆసుపత్రిలో పుట్టిన మర్నాడు తీసినది. ఆ తలలో ముఖానిది చిన్న వాటా, అడుగున ఏదో మూల సర్దుకున్నట్టు ఉంటుంది. మిగతాదంతా నుదురూ మాడూనే. ఎముకలు ఇంకా ఒకదానితో ఒకటి కలవలేదు. నడినెత్తిన మెత్తటి చోటు ఊపిరితో పాటు లేచి పడుతూ ఉంటే, ఆమె ఆ రోజుల్లో దాన్ని ముట్టుకోవడానికి భయపడి గాలిలోనే వేళ్ళు ఆడించేది. కింది దవడ రెండు ముక్కలుగా ఉంటుంది అప్పటికి. ఏడాది తిరిగేలోపు గడ్డం దగ్గర నడుమ అతుక్కుంటుంది. పుట్టిన బిడ్డలెవరికీ గడ్డం ఉన్నట్టే ఉండదు, లోపలికి పోయి ఉంటుంది. ఆ రోజు అత్తగారు ఉయ్యాల మీదికి వంగి లెక్క తేల్చింది: "ముక్కు మాదే. కళ్ళు మావే. ఇక గడ్డం సంగతి దేవుడు చూసుకోవాలి." గదిలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, దుప్పటి గడ్డం మీదికి లాక్కుని.

ఆ తర్వాతి బొమ్మల్లో తల గబగబా ఎదుగుతుంది. మెత్తటి చోటు మూసుకుంటుంది. ఆరేడేళ్ళు వచ్చేసరికి మెదడుండే గిన్నె ఇంచుమించు పెద్దవాళ్ళదంత అయిపోతుంది. ఇక అక్కడి నుంచి వంతు ముఖానిది. అది ఆ గిన్నె కిందనుంచి మెల్లగా కిందికీ ముందుకీ వస్తుంది. ముక్కు లేస్తుంది, పై దవడ దిగుతుంది, పాలపళ్ళు రాలి పెద్ద పళ్ళు చోటు కోసం తోసుకుంటాయి. మిగతావన్నీ ఆగిపోయాక కూడా పెరుగుతూ ఉండేది కింది దవడ. ఆ ఒక్క వాక్యం ఆయన పుస్తకాలు చదవకముందే ఆమె ఒంటికి తెలుసు. పదేళ్ళ వయసులో అందరిలాగే ఉన్న ఆమె, పద్నాలుగు వచ్చేసరికి ఫోటోల్లో చివర నిలబడటం నేర్చుకుంది. అన్నయ్య ఆమెకి పెట్టిన పేరు సొరుగు. బీరువాలో సగం లాగి వదిలేసిన సొరుగులా ఉందట కింది దవడ. "సొరుగు ముయ్యవే, బట్టలు కనిపిస్తున్నాయి" అనేవాడు, చుట్టాలందరి ముందూ. అమ్మ అతన్ని కసిరేది, కసురుతూనే పెదవి బిగబట్టుకునేది, నవ్వు ఆగక. అప్పుడు వచ్చింది ఆమెకి ఆ అలవాటు. ఎడమ చెయ్యి ఎప్పుడూ గడ్డం మీద, ఏదో ఆలోచిస్తున్నట్టు. కాలేజీలో అందరూ ఆమె మహా ఆలోచనాపరురాలని అనుకున్నారు. ఆమె ఆలోచించేది మాత్రం ఒక్కటే, ఈ చెయ్యి తియ్యకుండా టీ ఎలా తాగడం అని.

భర్త దగ్గరికి మొదట పేషెంటుగానే వెళ్ళింది. అప్పటికి ఎదుగుదల ఆగిపోయి చాలా ఏళ్ళయింది. ఆయన నోరు తెరిపించి, మూయించి, చెంపల వెనక వేళ్ళతో తడిమి చూసి, "పళ్ళు చక్కగా కలుస్తున్నాయి. నమలడానికీ మాట్లాడటానికీ ఏ ఇబ్బందీ లేదు. ఇది జబ్బు కాదండీ" అన్నాడు. చేతులు కడుక్కుంటూ, "నాకైతే ఇలాగే బావుంది" అన్నాడు. ఆ మాటకే ఆమె ఆయన్ని చేసుకుంది. అబద్ధం చెప్పడమెందుకు, ఇంకే మాటకీ కాదు. ఆ మాట నిజంగానే అన్నాడు కూడా. పెళ్ళయ్యాక మళ్ళీ అనవలసిన అవసరం ఆయనకి కనపడలేదు, అంతే. అనవలసినవన్నీ అత్తగారే అనేది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ, "మావాడిది పెద్ద మనసు. రోజూ దవడలు చూసేవాడు, చూసి చూసి మరీ చేసుకున్నాడు" అనేది. వచ్చినవాళ్ళు ఆ పెద్ద మనసుకి తలలూపి, పనిలో పనిగా ఆమె గడ్డాన్నీ చూసేవాళ్ళు. ఆమె మంచినీళ్ళ గ్లాసులు తెచ్చి ఇచ్చేది. ఒక చేత్తోనే.

పిట్టకి ఏడో ఏడు వచ్చిన వారంలో ఒక సంగతి జరిగింది. ఆయన కళ్ళజోడు మర్చిపోయి కాలేజీకి వెళ్ళాడు. ఇవ్వడానికి వెళ్ళింది. పాఠం జరుగుతోంది. వెనక తలుపు దగ్గర నిలబడింది. గదంతా చీకటి, తెర మీద ఒక ఆడమనిషి ముఖం, పక్కనుంచి. కళ్ళ మీద నల్ల పట్టీ. "కింది దవడ కొంచెం ఎక్కువ ఎదిగితే ఇదిగో, ఇలా ఉంటుంది" అంటున్నాడు ఆయన, పొడుగాటి కర్రతో గడ్డం చుట్టూ గుండ్రంగా తిప్పుతూ. కర్ర మొన ఆగిన చోట ఆమెకి తన గడ్డం మీద చురుక్కుమంది. చెవికున్న దిద్దు ఆమెది. ఇప్పుడు కూడా చెవికి అదే ఉంది. చివరి వరసలో ఒక కుర్రాడు తలుపు కిర్రుమంటే వెనక్కి తిరిగి, ముందు దిద్దుని చూశాడు, తర్వాత గడ్డాన్ని చూశాడు, పక్కవాడిని మోచేత్తో పొడిచాడు. కళ్ళజోడు కిటికీ అంచున పెట్టేసి వచ్చేసింది. ఇంటికొచ్చేదాకా రోడ్డు మీద ఎవరూ తనని పక్కనుంచి చూడకుండా గోడ వారనే నడిచింది. సాయంత్రం ధైర్యం చేసి అడిగితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కళ్ళకి పట్టీ వేశానుగా! నువ్వని ఎవరికి తెలుస్తుంది?"

మర్నాడు పిట్ట ఏడో ఏటి ఫోటో మీద కాగితం పరిచింది. నుదురు, ముక్కు, పై పెదవి, కింది పెదవి, చెయ్యి అలవాటుగా వెళ్ళిపోయింది. గడ్డం దగ్గరికొచ్చి ఆగింది. ఆ ఏడు ఫోటోలో గడ్డం కొంచెం ముందుకు వచ్చింది. ఇంకెవరూ పట్టుకోలేరు. ఆమె పట్టుకోగలదు. తెర మీది నల్ల పట్టీ గుర్తొచ్చింది. ఏదో ఒకరోజు ఇదే పిల్ల కళ్ళ మీద కూడా పట్టీ పడుతుంది, ఇంకొక కుర్రాడు ఇంకొకడిని మోచేత్తో పొడుస్తాడు అనిపించింది. పెన్సిలు ఒక్క వెంట్రుక మందం వెనక్కి జరిగింది. జరిపాను అని కూడా అనుకోలేదు ఆమె, దానంతట అదే జరిగిందనుకుంది. మరుసటి ఏడు పిల్ల ఎదిగింది, గడ్డం ఇంకొంచెం ముందుకొచ్చింది. పోయినేటి గీతకి ఈ ఏటి గీత పొసగాలంటే ఇంకొంచెం ఎక్కువ జరపక తప్పలేదు. ఆ పై ఏడు ఇంకొంచెం. అబద్ధం పిల్లతో పాటు ఏటేటా ఎదిగి, దానికీ ఒక పుట్టిన రోజున్నట్టు తయారయింది.

ఎవరైనా పట్టుకుంటారని ఏడాదికొకసారి గుండెలు అరచేతిలో పెట్టుకునేది. ఎవరూ పట్టుకోలేదు. రోజంతా ఊళ్ళోవాళ్ళ దవడలు చూసి వచ్చే మనిషి ఇంటికొచ్చాక ఫోను మొహం తప్ప ఇంకో మొహం చూడడు. పుట్టిన రోజున ఫోటో తీసేటప్పుడు కూడా ఆయన చూసేది చెవీ కన్నూ మట్టమూ, పళ్ళూ మాత్రమే; పిల్ల ఎలా ఉందో బొమ్మలోనే చూసుకునేవాడు. "అచ్చం నా గడ్డమే" అని మురిసిపోయేవాడు. అత్తగారైతే బొమ్మని వేలితో చూపిస్తూ, "మా వంశం గడ్డం. గండం గడిచింది" అని అందరికీ చెప్పింది. ఆ మాట విన్నప్పుడల్లా ఆమెకి లోపల సన్నగా సంతోషమేసేది. దాని వెనకే సిగ్గేసేది. ఎవరిని గెలిపించి ఎవరిని ఓడించిందో ఆమెకి తెలుసు. ఆ రోజు పన్నెండో ఏటి గీతనీ అలాగే వెనక్కి జరిపి గీసింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఆయన పిడుగు వేశాడు. "పిట్టని వేదిక ఎక్కిస్తాను. బోర్డు పక్కన పక్కకి తిరిగి నిలబడుతుంది, మీద లైటు వేయిస్తాను. ఇటు బొమ్మలు, అటు మనిషి. హాలు హాలంతా చప్పట్లే!"

ఆమె చేతిలో గరిటె గిన్నెలోనే ఉండిపోయింది. "దానికి పరీక్షలండీ" అంది.

"ఆదివారం ఏం పరీక్ష? పది నిమిషాలు గోడలా నిలబడితే చాలు."

"వెళ్ళనీ అమ్మాయ్" అంది అత్తగారు. "నలుగురూ చూస్తారు, మా పోలిక."

"గోడలా నిలబడాలంటే నాకు సున్నం కొట్టిస్తావా నాన్నా?" అంది పిట్ట.

అందరూ నవ్వారు. పిట్ట కూడా పకపకా నవ్వింది. నవ్వుతూ ఎడమ చెయ్యి పైకెత్తి గడ్డం కప్పుకుంది. చూపుడువేలు పెదవి కింద, బొటనవేలు దవడ కింద. ఆ చెయ్యి పెట్టే తీరు ఆమెకి తెలియనిది కాదు. ముప్పై ఏళ్ళుగా తాను పెడుతున్న తీరే. నేర్పింది ఎవరూ లేరు. పిల్లకి ఆమె చేత్తో అన్నం తినడం నేర్పింది, జడ వేసుకోవడం నేర్పింది, పెన్సిలు పట్టుకోవడం నేర్పింది. ఇది మాత్రం నేర్పకుండానే నేర్చేసుకుంది. ఇంతకాలం కాగితం మీద గీత వెనక్కి జరిపి పిల్లని కాపాడుతున్నాననుకుంది. ఇంట్లో నడుస్తూ, తింటూ, నవ్వుతూ తన చెయ్యి చేస్తున్న పని సంగతి ఆమెకి ఒక్కసారి కూడా తట్టలేదు. కంచంలోకి తల వంచుకుంది. ఆదివారం ఆ లైటు కింద తాను దొంగగా దొరికిపోతుందన్న భయం ఆయన మాట విన్నప్పటి నుంచీ ఉంటే ఉండొచ్చు. ఇప్పుడు దాన్ని తోసుకుని వచ్చింది సిగ్గు. "కూర చప్పగా ఉందేంటి?" అన్నాడు భర్త. ఉప్పు డబ్బా అందించింది.

మర్నాడు మధ్యాహ్నం పిట్ట బడి నుంచి తొందరగా వచ్చింది. ఆమె పెరట్లో కోట్లు ఆరేసి లోపలికి వచ్చేసరికి పిల్ల భోజనాల గది కిటికీ దగ్గర ఉంది. ఎండ పడుతున్న అద్దానికి పుట్టిన రోజు ఫోటో ఆనించి, దాని మీద బొమ్మ కాగితం పెట్టి, ఒక కన్ను మూసి చూస్తోంది.

"అమ్మా, ఇది తప్పు పడింది."

"ఏది?"

"నా గడ్డం. చూడు, ముక్కు మీద ముక్కు సరిగ్గా కూర్చుంది. నుదురూ కూర్చుంది. గడ్డం దగ్గర గీత లోపలికి పోయింది. ఫోటోలో నాది ఇక్కడి దాకా ఉంది."

ఆమె తడిచేతులు చీరకి తుడుచుకుంది. తుడుచుకుంటూనే ఉంది.

"కాగితం జరిగిందేమోలే" అంది పిట్ట, తానే సర్దిచెబుతూ.

ఆ మాట పట్టుకుంటే చాలు. అవునమ్మా, జరిగింది, అంటే అయిపోతుంది. పిల్ల దానంతట అది తలుపు తెరిచి పట్టుకుంది, దూరి బయటపడితే సరిపోతుంది. నాలిక మీదికి వచ్చింది కూడా.

పిట్ట బల్ల మీది మిగతా కాగితాలు ఒక్కొక్కటే తెచ్చి, పాత ఫోటోలు వెతికి అద్దానికి పెట్టింది. "పోయినేడాదిదీ అంతే. అంతకుముందుదీ అంతే. ఇదిగో, ఆరో పుట్టిన రోజుది మాత్రం సరిగ్గా ఉంది." పిల్ల వెనక్కి తిరిగింది. "ప్రతిసారీ గడ్డం దగ్గరే ఎందుకు జరుగుతుందమ్మా?"

పిట్ట ఈసారి చాలా చిన్న గొంతుతో అడిగింది. "నాది అంత బాలేదా?"

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. సొరుగు అన్నప్పుడు పడ్డ సిగ్గు, తెర మీద కర్ర తిరిగినప్పుడు పడ్డ సిగ్గు, పెద్ద మనసు గురించి విన్న ప్రతిసారీ పడ్డ సిగ్గు అన్నీ ఆమెకి బాగా అలవాటైనవి, ఇంట్లో సామానులాంటివి. అవన్నీ వేరేవాళ్ళు తెచ్చిపెట్టినవి. ఇది తాను చేతులారా చేసుకున్నది. అన్నయ్య నోటితో అన్న మాటనే తాను సిరాతో, స్కేలు పెట్టి మరీ, ఏటేటా పిల్ల ముఖం మీద రాసింది. వాడు కనీసం ఎదురుగా నిలబడి అన్నాడు.

"నీది బావుంది" అంది. "నాది బాలేదని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను. నీకు నాది రాకూడదని గీత వెనక్కి జరిపాను. తప్పు చేశాను పిట్టా."

"వచ్చేసిందని నాకు తెలుసుగా" అంది పిట్ట. "అద్దంలో చూసుకుంటా కదా. నీలాగే ఉంది. నువ్వు చెయ్యి అడ్డం పెట్టుకుంటావు కదా, ఇలాంటి గడ్డం ఉన్నవాళ్ళు అలా పెట్టుకోవాలేమో అనుకున్నా. నేనేమో మర్చిపోతూ ఉంటాను."

మర్చిపోతున్నందుకు క్షమాపణ అడుగుతున్నట్టుంది ఆ గొంతు. ఆమె పిల్లని దగ్గరికి లాక్కుని, నడినెత్తిన చేయి పెట్టింది. ఒకప్పుడు ముట్టుకోవడానికి భయపడిన చోటు. ఎముక గట్టిగా తగిలింది. చాలాసేపు అలాగే ఏడ్చింది. ఏడుస్తుంటే చెయ్యి అడ్డం పెట్టుకోవాలని తోచలేదు.

కళ్ళు తుడుచుకున్నాక అబద్ధపు కాగితాలన్నీ పక్కన పెట్టేసి, ఏడో ఏటి ఫోటోతో మొదలుపెట్టింది. పిట్ట పక్కన కూర్చుని పెన్సిళ్ళు చెక్కి ఇచ్చింది. గడ్డం దగ్గరికొచ్చినప్పుడు చెయ్యి అలవాటుగా వెనక్కి జరగబోయింది. రెండోసారి గీసింది. మూడోసారికి సరిగ్గా వచ్చింది. లోపలి దవడ ఎముక కూడా దిద్దింది. ఒక్కో ఏడూ గీస్తూ పోతుంటే పిల్ల ముఖం, చూస్తుండగానే నుదుటి కిందనుంచి మెల్లగా దిగి, ముందుకొచ్చి, గడ్డం దగ్గర నిబ్బరంగా ఆగింది. ఇంత అందంగా ఉండేదా అనుకుంది. ఏటేటా ఎదురుగా ఉన్నది ఆమె కూడా చూడలేదు.

వరస చివర పెద్దయ్యాక ఉండే తల ఒకటి పెట్టాలి. అది ఆయన పుస్తకంలోంచి ఎత్తి గీయమన్నది. తీర్చిదిద్దినట్టున్న ముక్కు, ఎక్కడా ఎక్కువా తక్కువా లేని గడ్డం.

"ఇదెవరు?" అంది పిట్ట.

"ఎవరూ కాదు. నమూనా."

"నేను పెద్దయితే ఈవిడలా ఎందుకవుతా? నాకీవిడ తెలియదు కూడా." పిల్ల లేచి తండ్రి కెమెరా తెచ్చింది. "నువ్వు వెళ్ళి గోడ దగ్గర నిలబడు."

ఆమె కాదందామనుకుంది. పిట్ట అప్పటికే చెయ్యి పట్టుకుని లాగేసింది. తెల్ల గోడ పక్కన నిలబెట్టి, తండ్రి చేసినట్టే రెండు వేళ్ళతో తల సరిచేసింది. "చెవీ కన్నూ ఒకే మట్టం" అని గొణిగింది. కెమెరా కంటికి పెట్టుకుని, మళ్ళీ దించింది.

"అమ్మా, చెయ్యి తీసెయ్."

శనివారం పొద్దున డాక్టరు గారు బోర్డు ముందుకి కాఫీ కప్పుతో వచ్చాడు. వరసంతా ఒకసారి నవ్వుతూ చూశాడు. తర్వాత కప్పు పక్కన పెట్టాడు. ఏడో ఏటి తల దగ్గర వంగి, అక్కడి నుంచి ఒక్కొక్కటే చూస్తూ చివరిదాకా వెళ్ళి, చివరి తల ముందు నిలబడిపోయాడు. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి మెడ చాచి, "ఇదేంటమ్మాయ్, నీ తలని తెచ్చి ఇక్కడ పెట్టావు?" అంది.

"పిట్టా, ఇలా రా" అన్నాడు ఆయన. పిల్లని కిటికీ వెలుగులో నిలబెట్టి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక తండ్రి తన కూతురి ముఖాన్ని అంత శ్రద్ధగా చూడటం ఆ ఇంట్లో చాలా ఏళ్ళ తర్వాత అదే. "ఎప్పటి నుంచి?" అన్నాడు, భార్య వైపు తిరిగి.

"ఏడో ఏటి నుంచి. బొమ్మల్లో నేనే వెనక్కి జరిపాను. ఇవి సరైనవి."

"ఇన్నాళ్ళూ తప్పు గీసి నాకు ముక్క చెప్పలేదా? అవి పట్టుకుని నేను పాఠాలు చెప్పాను! సిగ్గుగా లేదూ?"

"సిగ్గుగానే ఉందండీ" అంది. "మీతో చెప్పనందుకు కాదు. దాని ముఖం దానికి లేకుండా చేసినందుకు."

ఆయన బోర్డు వైపు చూశాడు. సభ గుర్తొచ్చినట్టుంది. గొంతు తగ్గించాడు. "సరే, అయిందేదో అయింది. పిల్లవి ఉండనీ, అసలు కొలతలు కదా, ఇంకా మంచిదే. ఆ చివరిదాని సంగతే... నలుగురూ మనల్ని ఎరిగినవాళ్ళు. ఒక పని చెయ్యి. కళ్ళ మీద నల్ల పట్టీ వేసెయ్. ఎవరికీ తెలియదు."

ఆమె సిరా బుడ్డి మూత తీసింది. కుంచె ముంచి, ఆయన చేతికిచ్చింది.

"మీరే వెయ్యండి. ముందు దీనికి వెయ్యండి" అంది, పిట్ట పన్నెండో ఏటి తల చూపించి.

"దానికెందుకు?"

"అదే గడ్డం కదండీ."

ఆయన కుంచె పట్టుకుని నిలబడ్డాడు. పిట్ట ఆయన ముఖంలోకే చూస్తోంది. కుంచె మొన నుంచి ఒక సిరా బొట్టు బల్ల మీద పడింది. ఆయన ఒకసారి బొమ్మనీ ఒకసారి పిల్లనీ చూసి, కుంచె మెల్లగా బుడ్డి పక్కన పెట్టేశాడు. వీధి గుమ్మంలో ఎవరో గంట కొట్టారు. వెళ్ళడానికి ఒక కారణం దొరికినందుకు ఆయన ఊపిరి పీల్చుకోవడం ఆమెకి వినిపించింది.

"ఇంకో మాట" అంది ఆమె, ఆయన వీపు చూస్తూ. "రేపు వేదిక మీద పిట్ట నిలబడదు. గీసింది నేను. బోర్డు పక్కన నేను నిలబడతాను."

ఆయన గుమ్మంలో ఆగి వెనక్కి చూశాడు. ఆమె తెల్ల గోడ పక్కన, పక్కకి తిరిగి, తల మట్టంగా పెట్టి నిలబడి ఉంది. రెండు చేతులూ కిందనే ఉన్నాయి.